రెండు వేళ్లతో తొలి ముద్ద

నా కుడి చేతికి రెండే వేళ్లు. ఈ కొసన బొటనవేలు, ఆ కొసన చిటికెనవేలు. మధ్యలో ఉండాల్సిన ముగ్గురినీ స్టీలు పళ్లేలు చేసే ప్రెస్సు తీసుకుంది. మిగిలిన ఇద్దరూ పుట్టినప్పటి నుంచీ ఒకే చేతి మీద ఉన్నా, వాళ్ల మధ్య పెద్దగా మాటల్లేవు. బొటనవేలు ఏ పని చేసినా చూపుడువేలితో కలిసే చేసేది. చిటికెనవేలు చెవి గోక్కోవడానికి తప్ప దేనికీ అక్కరకొచ్చింది లేదు. అలాంటి ఇద్దరికీ పొత్తు కుదిర్చి, ఒక పసివాడికి తొలి ముద్ద పెట్టించడానికి మా ఇంట్లో జరిగిన రభస అంతా ఇంతా కాదు.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. నేత కుటుంబం. బాపు ఇప్పటికీ మగ్గం నేస్తాడు. నాకు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా ఒక్కచోట కూర్చోవడం చిన్నప్పటి నుంచీ పడదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, పట్నం పోయే హైవే పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. గుండ్రటి రేకు బిళ్లను అచ్చులో పెట్టడం, పెడల్ తొక్కడం, ప్రెస్సు దిగి లేచాక పళ్లేన్ని తీసి పక్కన పెట్టడం. ఇదే పని. మళ్లీ ఒక్కచోట కూర్చోవడమే! కాకపోతే ఇక్కడ ఫ్యాను ఉండేది.

ఆ ప్రెస్సు అసలు రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే దిగాలి. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే వేళ్లకు భయం లేదు. చేసినవాడు తెలివిగలవాడు. మా ఓనరు ఇంకా తెలివిగలవాడు. పని నెమ్మదిస్తోందని బటన్లు పీకించి కాలి పెడల్ పెట్టించాడు. ఒకనాడు రేకు బిళ్ల వంకరగా పడింది. సరిచేద్దామని చెయ్యి పెట్టాను. ప్రెస్సు దిగింది. నా కాలే పెడల్ మీద పడిందో, పాతబడ్డ ప్రెస్సు దానంతటదే రెండోసారి దిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఓనరుకు మాత్రం ఖాయంగా తెలుసు. నేనే తొక్కానట. ఆయన ఆ వేళ ఆఫీసు గదిలో అన్నం తింటున్నాడు.

నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు. వేళ్లు నుజ్జయిపోయాయనీ, అతికించడానికి లేదనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజు నేను ఏడ్చాను. మర్నాడు కూడా ఏడ్చాను. ఆ తర్వాత చూడ్డానికి వచ్చేవాళ్లు మొదలయ్యారు, ఏడవడానికి తీరిక దొరకలేదు.

మా జిల్లాలో రోగిని చూడబోయినా, బాలింతను చూడబోయినా చేతిలో బత్తాయిల కవరు ఉండాల్సిందే. ఒక్క చేత్తో బత్తాయి ఎలా ఒలుచుకుంటాడని ఒక్కరూ ఆలోచించలేదు. మంచం కింద గుట్ట పెరిగింది. వచ్చినవాళ్లే తీసుకుని, ఒలుచుకుని, తింటూ నన్ను ఓదార్చేవాళ్లు. అందరి ఓదార్పూ ఒకటే.

"జర చూసుకోవాలె గదా బిడ్డా."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. చూస్తూ చూస్తూ ఎవడైనా వేళ్లు ఇస్తాడా? ఓనరును అడగాల్సిన మాట నన్నడుగుతారేమిటి? కానీ వచ్చినవాళ్లు పెద్దవాళ్లు, పైగా బత్తాయిలు తెచ్చినవాళ్లు. నోరు మూసుకుని పడుకున్నాను.

మా భాషలో వేళ్ల మీద ఇన్ని సామెతలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. మా మేనత్త మొగుడు, బాపు కన్నా పెద్దాయన, మంచం పక్కన కూర్చుని పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఏం జేస్తం అల్లుడా? ఐదు వేళ్లు నోట్లెకు పోవాలంటే..." అని ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది. సర్దుకుందామని, "అంటే, గట్ల గాదు, లోకంల ఐదు వేళ్లు ఒక్కతీరుగ..." అని ఇంకో గుంటలో పడ్డాడు.

"మామా, ఇంకొక్కటి జెప్తే లేశి ఇంటికి పోత," అన్నాను. పక్క మంచం మీద కాలు విరిగిన ఆయన ముందు నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. కట్టు కింద చెయ్యి సలుపుతున్నా ఆపుకోలేకపోయాను. మామ ఒక బత్తాయి ఒలిచి, మొదటిసారిగా, నా నోట్లో పెట్టాడు.

ఇంటికి వచ్చాక అసలు చిక్కు అన్నం దగ్గర మొదలైంది. కట్టు ఉన్నన్నాళ్లూ అమ్మ కలిపి తినిపించింది. కట్టు విప్పాక నేను ఎడమచెయ్యి పళ్లెంలో పెట్టబోతే, అమ్మ పళ్లేన్ని చటుక్కున లాగేసింది.

"ఎడమ చేత్తోని తింటే ఏమైతదే అమ్మా?"

"ఏమైతదా? అన్నపూర్ణమ్మ అలుగుతది. గా చెయ్యి ఏ పనికి వెట్టిన్రో నీకెరుక లేదా?"

"కడుక్కుంటున్న గదనే."

"కడిగితే చెయ్యి మారుతదా?"

చెంచాతో తిందామంటే కుడిచేతిలో అది నిలవదు, ఎడమచేతిలో అమ్మ నిలవనివ్వదు. పెండ్లీడుకొచ్చిన కొడుకుకు తల్లి ముద్దలు పెడుతుంటే బాపు తల తిప్పుకుని తన పళ్లెంలోకి చూసుకునేవాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఇక మీదట నేనే తింటానని చెప్పి, పళ్లెం తీసుకుని మగ్గాల గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసుకుని, ఎడమచేత్తో తినడం మొదలుపెట్టాను. అమ్మకు తెలుసు. తెలియనట్టే ఉండేది. అన్నపూర్ణమ్మకు కూడా చెప్పినట్టు లేదు, ఎందుకంటే నేను కాస్త ఒళ్లు చేశాను.

నలుగురిలో మాత్రం తినలేకపోయాను. పెండ్లికి పోతే అక్షింతలు వేసి వచ్చేయడం, దావతుకు పోతే పలకరించి తప్పుకోవడం. తినకుండా పోతే మా దిక్కు ఊరుకుంటారా? చెయ్యి పట్టి బంతిలో కూర్చోబెడతారు. అందుకని ఒక ఉపాయం పట్టాను. సోమవారం పిలిస్తే శివునికి ఒక్కపొద్దు అన్నాను. మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం బాబాకు, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకు. ఆదివారం యాటకూర వాసన వాడంతా కమ్మేసిన చోట నిలబడి, సూర్యనారాయణమూర్తి పేరు చెప్పి గుటకలు మింగాను. బుధవారానికి ఏ దేవుడూ దొరకక కడుపునొప్పి తెచ్చుకున్నాను. కొన్నాళ్లకు ఊళ్లో నాకు పెద్ద భక్తుడని పేరొచ్చింది. ఒకాయన తన కొడుకును తీసుకొచ్చి, "అన్నను జూసి నేర్చుకో," అని చూపించాడు కూడా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చెయ్యి మానాక ఫ్యాక్టరీకి పోయాను. గేటు కాడ కూర్చుని కాపలా కాయమన్నాడు ఓనరు. ఏదో దానం చేస్తున్నట్టు చెప్పాడు. ముందు ఆ పెడల్ తీయించి బటన్లు పెట్టించు, ఆ తర్వాత నా సంగతి మాట్లాడదామన్నాను. నోటికొచ్చినవి ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయదగినవి కావు. ఆయన బదులు చెప్పేలోపే లోపల ప్రెస్సుల మీద ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. బటన్లు వచ్చేదాకా ఎవరూ ప్రెస్సు తొక్కలేదు. బటన్లు వచ్చాయి. నేను ప్యాకింగు వైపు చేరాను. పళ్లేలకు కాగితం చుట్టి పెట్టెల్లో సర్దే పనికి ఒకటిన్నర చెయ్యి చాలు.

ఇలా నడుస్తుండగా చెల్లె కాన్పుకు వచ్చింది. ఆమెను ఆలేరు ఇచ్చాం. కొడుకు పుట్టాడు. వాడు ఎర్రగా, కోపంగా, పిడికిళ్లు బిగించుకుని పుట్టాడు. మా ఇంటి పోలికే. ఒకనాడు నేను మగ్గాల గదిలో తింటుండగా చెల్లె పిల్లవాణ్ని ఎత్తుకుని తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నేను గబుక్కున పళ్లెం మీద తువాల కప్పాను.

"దొంగతనం జేస్తున్నవా అన్నా? మూలకు గూసోని తినుడేంది?"

"నా అన్నం, నా ఇష్టం. నువ్వు పో."

"పోత గని, ఒకటి ఇను. వీనికి ఆరో నెల వడంగనే అన్నప్రాసన. తొలి ముద్ద మేనమామ వెట్టాలె. అందరి ముంగట, కుడిచేత్తోని వెట్టాలె."

తువాల కింది పళ్లేన్ని పక్కకు జరిపాను. "చిన్నాయిన కొడుకున్నడు గదా. వాణ్ని వెట్టమను. వాడు గూడ మామనే."

"వాడు నాతోని పుట్టిండా? నువ్వు వెట్టకుంటే వీడు అన్నమే ముట్టడు. పాలు తాక్కుంటనే పెండ్లి జేసుకుంటడు తీ!" అని విసురుగా పోయింది. పోతూ పోతూ తలుపు బార్లా తెరిచిపెట్టింది.

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే భయం వేసింది. చెల్లె అత్తగారు మాటంటే మాట, పద్ధతంటే పద్ధతి. ఆమె ఇంట్లో, ఆమె చుట్టాల ముందు, ఈ చెయ్యి పసివాడి నోటి దగ్గరకు పోవాలి. పిల్లవాడు ఈ చేతిని చూసి జడుసుకుంటే? ముద్ద జారి కింద పడితే? ఆ ఇంట్లో చెల్లె బతకాల్సిన మనిషి. అన్న పెట్టిన ముద్ద నేలపాలైందన్న మాట దాని నెత్తిన ఉండిపోతుంది. నాకున్నది ఒక్కతే చెల్లె.

తలుపు అవతల నూలు చుడుతున్న బాపు ఇదంతా విన్నాడు. ఆయన మాట్లాడడం తక్కువ. మర్నాడు పొద్దున "ఇటు రా," అని పిలిచి, రెండు నూలు పోగుల కొసలు నా చేతికిచ్చాడు. ఒక చిప్పలో బూడిద నా ముందుకు జరిపాడు.

నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించేటప్పుడు మగ్గం మీద మిగిలిన పాత పోగుకు కొత్త పోగును అతుకుతారు. ముడి వెయ్యరు. రెండు కొసలూ కలిపి, బూడిద అద్దిన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలితిప్పితే అతుక్కుంటాయి. చిన్నప్పుడు ఈ పని తప్పించుకోవడానికి నేను గోడ దూకి పారిపోయేవాణ్ని. ఇప్పుడు చూపుడువేలు లేదు. బాపు నా చిటికెనవేలును పట్టుకుని బొటనవేలి దగ్గరకు వంచాడు. అది అంత దూరం రాలేదు. వచ్చినా పక్క నుంచి జారిపోయింది.

"కాదు బాపూ."

"తొందరేమున్నది? పిలగాడు ఇంకా బోర్లనన్న పడలే."

ఫ్యాక్టరీకి పోయే ముందు కాసేపు, వచ్చాక కాసేపు అదే పని. నేను అతకడం, బాపు రెండు పక్కలా పట్టి లాగడం, అది తెగడం, ఆయన ఇంకో రెండు కొసలు ఇవ్వడం. నాకు విసుగొచ్చి చిప్ప తన్నిన రోజులున్నాయి. బాపు లేచి, బూడిద ఎత్తి, మళ్లీ ముందు పెట్టేవాడు. పిల్లవాడు బోర్లపడ్డాడు. అమ్మ బొబ్బట్లు చేసి వాడకు పంచింది. నా పోగులు మాత్రం తెగుతూనే ఉన్నాయి. పిల్లవాడు పాకడానికి ఎగబడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం బాపు పోగును లాగాడు, తెగలేదు. ఇంకోసారి లాగాడు. దాన్ని పడుగులో కలిపి నేయసాగాడు. నా అతుకు చీరలోకి పోయింది. నాకు ఆ రోజు కలిగిన సంతోషం మొదటి జీతం తీసుకున్న రోజు కూడా కలగలేదు. ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది. కానీ ఏమని చెప్పను? పోగు అతికాడట, సాలోళ్ల పిలగాడు!

అక్కడి నుంచి అన్నానికి వచ్చాం. ముందు పొడి అన్నం, తర్వాత పప్పు కలిపి. రెండు వేళ్లతో ముద్దను పట్టి, అరచేతి అంచుతో ఆనించి పైకి లేపాలి. అమ్మ ఎదురుగా కూర్చుని చూసేది. "సగం కిందనే పోతాంది. కోళ్లు బలుస్తున్నయ్," అనేది. చెల్లె ఆలేరు వెళ్లిపోయే నాటికి నేను కుడిచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాను. ఇంట్లో మాత్రమే. గడప దాటితే చేతి మీద తువాల, నోట్లో ఒక్కపొద్దు.

అన్నప్రాసన రోజు రానే వచ్చింది. భువనగిరిలో బస్సు మారి ఆలేరు పోయాం. పిల్లవాడికి కొత్త బట్టలు, వెండిగిన్నె మా వైపు నుంచి తీసుకుపోవాలి. బస్సులో అమ్మ సంచిలోంచి ఇంకొకటి తీసి నాకు చూపించింది. వెండి చెంచా.

"మస్తుమంది ఉంటరు బిడ్డా. దీన్ని పట్టుకొని ఇట్ల నాల్కెకు తాకియ్యి, అయిపోతది. ఎవలకు ఏం గనవడది."

రోజూ ఎదురుగా కూర్చుని చూసిన మనిషే చెంచా ఇస్తే నాకు ప్రాణం చివుక్కుమనాలి. కానీ నిజం చెప్పాలంటే హమ్మయ్య అనిపించింది. ఇప్పుడు రెండు వేళ్లూ కలుస్తున్నాయి కాబట్టి తువాల కింద నుంచి చెంచా పట్టుకోవచ్చు. బాపు కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాడు.

ఇల్లంతా చుట్టాలు. చెల్లె అత్తగారిని నేనూ అత్తమ్మ అనే పిలుస్తాను. పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుకు ముడి వేసుకుని, వంటింట్లోకి ఇంకెవర్నీ రానివ్వకుండా ఆమే స్వయంగా పాయసం చేసింది. దేవుని ముందు పెట్టి, దీపం వెలిగించి, వెండిగిన్నెలో పోసి తెచ్చింది. పిల్లవాణ్ని చెల్లె ఒళ్లో కూర్చోబెట్టారు. నన్ను పిలిచారు. నేను తువాల కింద చెంచా సర్దుకుంటూ ముందుకు పోయి కూర్చున్నాను.

"గదేంది?" అంది అత్తమ్మ.

"చెంచా, అత్తమ్మా."

"పిలగానికి జరమొచ్చిందా మందు తాపనీకి? మేనమామ చెయ్యి తాకాలె. ఇటియ్యి." చెంచా నా చేతిలోంచి లాగేసుకుంది. దానితోపాటు తువాల కూడా జారింది. ఆమె దాన్ని మడిచి తన భుజం మీద వేసుకుంది. "ఊఁ, వెట్టు."

అందరూ నా చేతినే చూస్తున్నారు. చెల్లె మాత్రం నా ముఖం చూస్తోంది. అమ్మ చూడలేక తల దించుకుంది. నేను రెండు వేళ్లూ గిన్నెలో ముంచాను. మెత్తటి అన్నం, పలుచటి పాలు. నేను నేర్చుకున్నదంతా పప్పన్నం మీద! అయినా చిటికెనవేలు వంగింది, బొటనవేలు కలిసింది, ఇన్ని మెతుకులు నిలిచాయి. ఒక్క చుక్క కూడా కింద పడకుండా పిల్లవాడి నోట్లో పెట్టాను.

వాడు ఒక్క క్షణం ఆగాడు. ముఖమంతా ముడుచుకుంది. థూ అని ఉమ్మేసి, ఇల్లెగిరిపోయేట్టు ఏడుపు లంకించుకున్నాడు.

"అయ్యో, చెయ్యిని జూసి బుగులు వెట్టుకున్నడు," అంది వెనక నుంచి ఎవరో ఆడమనిషి. నెమ్మదిగానే అంది, కానీ అందరికీ వినిపించింది.

పిల్లవాడు జడుసుకుంటాడన్న నా భయమే నిజమైంది. చెల్లె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా తువాల అత్తమ్మ భుజం మీద ఉంది, దాన్ని అడగడం ఎలాగో తెలియలేదు. చెయ్యి కడుక్కొస్తానని లేవబోయాను. బస్టాండు ఎటువైపో కూడా మనసులో లెక్క వేసుకున్నాను.

"యాడికి? కూసో," అంది అత్తమ్మ. "పిలగాండ్లన్నంక ఏడుస్తరు. మామ అయిపాయె, ఇగ నానమ్మ." తన వేలి ఉంగరాన్ని పాయసంలో అద్ది వాడి నాలుక మీద రాసింది. వాడు ఈసారి ఊపిరి బిగబట్టి మరీ ఏడ్చాడు. ఆమెకు వేళ్లు ఐదూ ఉన్నాయి, పైగా ఒకదానికి బంగారం కూడా ఉంది. బావ ప్రయత్నించాడు. వాడు తండ్రి ముఖం మీదే ఉమ్మాడు.

అత్తమ్మ ముఖం మారింది. దేవునికి పెట్టకముందు రుచి చూస్తే ఎంగిలవుతుందని ఆ ఇంట్లో ఎవరూ గరిటె నాకరు. ఇప్పుడు దేవునిది అయిపోయింది కాబట్టి తప్పు లేదు. ఉంగరం వేలు తన నోట్లో పెట్టుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. కాసేపు మింగనూ లేదు, ఉమ్మనూ లేదు.

"ఉప్పు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"చక్కెర అనుకోని ఉప్పేసిన!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఓరి దేవుడా, నీకు గూడ గదే వెడితి గదా!"

ముందు నవ్వింది బాపు. ఆయన అంత గట్టిగా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఇల్లంతా నవ్వింది. గిన్నె చేతులు మారింది. ప్రతివాళ్లూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని ముఖం వికారంగా పెట్టడం, పక్కవాళ్లకు ఇవ్వడం. బుగులు పెట్టుకున్నాడన్న ఆమె అందరికన్నా ఎక్కువ తాగి దగ్గింది. నా చేతి సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ కాసేపు ఆ ఇంట్లో తప్పంతా ఉప్పుది. వేళ్లు పోయిన నాటి నుంచీ తప్పు నా మీద కాకుండా ఇంకొకదాని మీద పడడం అదే మొదలు. ఆ ఉప్పుకు దండం పెట్టాలనిపించింది.

అత్తమ్మ మళ్లీ పొయ్యి ముట్టించింది. మంచి ఘడియ దాటిపోతుందేమోనని ఒకరు గొణిగితే, "దాటిపోతే పోనీ. ఉప్పు తినవెట్టిన ఘడియ ఏం మంచిది?" అంది. పాలు పొంగాక నన్ను వంటింటి గడప దగ్గరకు పిలిచింది.

"ఈసారి దేవుడు జర ఆగుతడు. ముందు మనం జూద్దాం. చెయ్యి వట్టు."

నేను చెయ్యి చాపాను. చాపాక చూసుకున్నాను, కుడిచెయ్యి. ఎడమది చాపితే ఈమె తిడుతుందన్న భయమో, నవ్వీ నవ్వీ ఒళ్లు మరిచానో. ఆమె వేడి పాయసం గరిటెతో నా అరచేతిలో పోసింది. మూడు వేళ్లు ఉండాల్సిన చోటి నుంచి కారిపోతుంటే, "వంచు, వంచు, కారిపోతాంది," అని తన చెయ్యి నా చెయ్యి కింద అడ్డం పెట్టింది.

"ఎట్లున్నది?"

"తియ్యగున్నదత్తమ్మా."

"ఇంక జర చక్కెర ఎయ్యనా?"

"చాలు."

మళ్లీ కూర్చున్నాం. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి అలసిపోయి అందరినీ అనుమానంగా చూస్తున్నాడు. ఈసారి వాణ్ని నా ఒళ్లోనే కూర్చోబెట్టమని చెల్లెతో చెప్పాను. ఎడమచేత్తో వాడి వీపు పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో ముద్ద తీసి పెట్టాను. వాడు ముఖం ముడవబోయి ఆగాడు. నాలుక బయట పెట్టాడు. లోపల పెట్టుకున్నాడు. నా ముఖం చూశాడు. తర్వాత రెండు చేతులతో నా కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తన నోట్లోకి లాక్కున్నాడు. వేళ్లున్న చోటు, లేని చోటు అని చూడలేదు. పాయసం ఎక్కడ అంటుకుని ఉంటే అక్కడ చప్పరించాడు. ఆ మోడుల్ని కట్టు విప్పిన నాటి నుంచీ నేను కూడా సరిగా తాకలేదు. వాడి చిగుళ్లకు చక్కిలిగింత పుట్టి నాకు నవ్వాగలేదు.

ఇంకొక ముద్ద పెట్టాను. ఇంకొకటి. చుట్టూ ఎవరో ఫొటోలు తీస్తున్నారు, ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఇగ సాలు బిడ్డా, పిలగానికి అరగది," అంది అత్తమ్మ.

"ఇంకొక్కటి, అత్తమ్మా," అన్నాను. నాకు ఆపబుద్ధి కాలేదు. వాడు మళ్లీ నోరు తెరిచాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. చెల్లె చూసి, "అన్నా, కండ్లు తుడుసుకో," అంది.

ఎలా తుడుచుకుంటాను? నా రెండు చేతులూ పనిలో ఉన్నాయి.